గడువు దొరకని వయస్సు: ‘అంపశయ్య’, ‘ది క్యాచర్ ఇన్ ది రై’ నవలలలో నవయౌవన సంక్షోభం

పీఠిక

నవీన్ ‘అంపశయ్య’ (1969) నవలపై తెలుగులో సాగిన చర్చ ఎక్కువగా రెండు అంశాల చుట్టూ తిరిగింది. మొదటిది చైతన్యస్రవంతి శిల్పం. రెండవది కథానాయకుడు రవి ఆలోచనలలో కనిపించే లైంగిక ప్రస్తావనల ఔచిత్యం. ఈ రెండు చర్చలూ అవసరమైనవే. ఒక నవల పేరు రచయితకు ఇంటిపేరుగా స్థిరపడటం తెలుగులో అరుదు. దొంగరి మల్లయ్య అనే వ్యక్తి ‘అంపశయ్య నవీన్’గా ప్రసిద్ధుడు కావడానికి ఆ శిల్పమూ, ఆ సాహసమూ కారణాలే. అయితే రవి మనస్సు ఎలా పలికిందన్న ప్రశ్నకు లభించినంత శ్రద్ధ, అది ఎందుకు అంతగా కల్లోలపడిందన్న ప్రశ్నకు లభించలేదు. ‘వయస్సు’, ‘అస్తిత్వవేదన’, ‘పేదరికం’ అనే మూడు మాటలను పక్కపక్కన ఉంచి ముందుకు సాగడం పరిపాటి అయింది. ఈ మూడింటికీ పరస్పర సంబంధం ఏమిటో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు తోడుగా జె.డి. సాలింజర్ నవల ‘ది క్యాచర్ ఇన్ ది రై’ (1951)ని స్వీకరిస్తున్నాను. ప్రభావాన్ని నిరూపించడం నా లక్ష్యం కాదు. కౌమార సంక్షోభం అనగానే ప్రపంచ పాఠకులకు స్ఫురించే నవల అది. దాని పక్కన పెట్టి చూస్తే ‘అంపశయ్య’లో ఏది అందరిదో, ఏది మనదో తేటపడుతుంది. ఈ వ్యాసంలోని ప్రతిపాదన ఇది: కౌమార సంక్షోభానికి సాహిత్యరూపం ఇచ్చేది వయస్సు ఒక్కటే కాదు, ఆ వయస్సుకు సమాజం ఇచ్చే గడువు. హోల్డెన్ కాల్‌ఫీల్డ్‌కు ఆ గడువు ఉంది, రవికి లేదు. ఇద్దరి వేదనల మధ్య ఉన్న భేదం ప్రధానంగా ఇక్కడినుండే పుట్టింది.

కౌమారం, ప్రయోజకత్వం

ఈ వయస్సుకు మనం నేడు వాడుతున్న ‘కౌమారం’ అనే మాట గమనింపదగినది. వైష్ణవ వాఙ్మయంలో ప్రసిద్ధమైన వయోవిభాగం ప్రకారం అయిదేళ్ల వరకు కౌమారం, పదేళ్ల వరకు పౌగండం, పదిహేనేళ్ల వరకు కైశోరం, ఆపైన యౌవనం. అంటే పసితనానికి చెందిన మాటను తీసుకుని, ఆధునిక మనోవిజ్ఞాన పరిభాష కోసం పదమూడు పందొమ్మిదేళ్ల మధ్య వయస్సుకు కట్టాం. ‘కైశోరం’ అందుబాటులో ఉన్నా వాడుకలో నిలవలేదు. ఈ వయస్సును విడిగా గుర్తించి పేరు పెట్టవలసిన అవసరం మనకు ఆలస్యంగా కలిగిందని దీనినిబట్టి ఊహించవచ్చు. బాల్యవివాహాలు సాధారణంగా జరిగిన సమాజంలో బాల్యానికీ గృహస్థ జీవితానికీ మధ్య విడిది ఉండదు. పాశ్చాత్యదేశాలలోనూ ఈ గుర్తింపు మరీ పాతది కాదు. జి. స్టాన్లీ హాల్ కౌమారంపై రెండు సంపుటాల బృహద్గ్రంథాన్ని 1904లో ప్రచురించి, ఈ దశను తుఫానుతో పోల్చిన తరువాతనే అది ప్రత్యేక అధ్యయన విషయంగా స్థిరపడింది.

శాస్త్రపరిభాషను విడిచి ఇంటిభాషను చూస్తే మరొక విశేషం కనిపిస్తుంది. ఎదిగి వచ్చిన పిల్లవాణ్ణి తెలుగువారు ‘ప్రయోజకుడయ్యాడు’ అంటారు. ‘కొడుకు చేతికి అందివచ్చాడు’ అంటారు. పంటకు వాడే క్రియనే కొడుక్కీ వాడతాం. విత్తినవారు, నీరు పెట్టినవారు, కాపుకాసినవారు ఒకరు ఉన్నారనీ, వారి చేతికి అది అందవలసి ఉందనీ ఆ క్రియలోనే ఉంది. ఎదగడమంటే తనకు తాను తెలియడం అన్న అర్థం ఈ మాటలలో లేదు. ఎదగడమంటే మరొకరికి అక్కరకు రావడం. ‘అప్రయోజకుడు’ అన్న నిందకు పదును ఇక్కడినుండే వచ్చింది.

గోథే ‘విల్‌హెల్మ్ మైస్టర్’ (1795–96) నుండి యూరపులో బలపడిన వికాస నవలలో ప్రధానమైనది యువకుని స్వీయశోధన. యౌవనాన్ని ఆధునికతకు ప్రతీకగా యూరపు నవల ఎన్నుకున్నదని ఫ్రాంకో మొరెట్టి వివరించాడు. తెలుగులో వికాస నవల రాయబూనిన రచయిత మాత్రం ఆ శోధన మొదలుపెట్టక ముందే ప్రయోజకత్వమనే ప్రశ్నకు జవాబు చెప్పవలసివస్తుంది. కొడవటిగంటి కుటుంబరావు నవల పేరే ‘చదువు’. సుందరం అక్షరాభ్యాసం నుండి సాగే ఆ నవలలో ఎదుగుదలకు కొలత చదువు. ఆ చదువు దేనికి అక్కరకు వచ్చిందన్నది నవల అడిగే ప్రశ్న.

అప్పు భాషలో ఒక సిద్ధాంతం

ఎరిక్ ఎరిక్సన్ కౌమారాన్ని వివరిస్తూ వాడిన ‘మారటోరియం’ అనే మాట ఈ సందర్భంలో ఉపకరిస్తుంది. యువతీయువకులు తమ అస్తిత్వాన్ని నిర్ణయించుకునే లోపల, పెద్దల బాధ్యతలను వారిపై మోపకుండా సమాజం కొంతకాలం ఆగుతుందని ఆయన వాదం. ఆ వ్యవధిలో పొరపాట్లు చేయవచ్చు, వేషాలు మార్చవచ్చు, వెనక్కి రావచ్చు. ఎరిక్సన్ ఈ భావనను విస్తరించిన ‘ఐడెంటిటీ: యూత్ అండ్ క్రైసిస్’ గ్రంథం 1968లో, అంటే ‘అంపశయ్య’కు ఒక ఏడాది ముందు వెలువడింది.

మారటోరియం అనే మాట మన పాఠకులకు మనోవిజ్ఞానం ద్వారా కాక రైతు రుణాల వార్తల ద్వారా పరిచయం. అసలు అర్థమూ అదే. అప్పు వసూలును కొంతకాలం వాయిదా వేయడం. రుణపరిభాషనుండి వచ్చిన ఆ మాటను ఎరిక్సన్ రూపకంగా గ్రహించాడు. ఆ రూపకాన్ని అక్షరార్థంలో తీసుకుంటే మన నవలలకు అది మరింత బాగా పొసగుతుంది. గడువు ఇవ్వగలిగేది అప్పు ఇచ్చినవాడు. ఇచ్చినవాడే అప్పులో ఉంటే గడువు ఎక్కడినుండి వస్తుంది? చదివిస్తున్న తండ్రికే వెసులుబాటు లేనప్పుడు కొడుకు సంక్షోభానికి వ్యవధి ఎవరు ఇవ్వాలి?

హోల్డెన్: ఓడిపోగల వెసులుబాటు

హోల్డెన్ కథ ఒక గడువుతోనే మొదలవుతుంది. పెన్సీ అనే బడినుండి అతణ్ణి తొలగించారు. అయిదు సబ్జెక్టులలో నాలుగు తప్పాడు. ఇంగ్లీషు ఒక్కటే గట్టెక్కింది. ఆ సంగతి తెలిపే ఉత్తరం తల్లిదండ్రులకు మంగళవారమో బుధవారమో గాని చేరదు. ఈలోగా న్యూయార్కులో తిరిగి, వారికి తెలిశాక ఇల్లు చేరాలని అతని ఆలోచన. శనివారం నుండి సోమవారం వరకు సాగే ఈ కథాకాలమంతా తపాలా ఆలస్యం ఇచ్చిన వ్యవధి. నవలా నిర్మాణమే మారటోరియం రూపంలో ఉంది.

ఈ వ్యవధికి ఆధారం డబ్బు. హోల్డెన్ తండ్రి కార్పొరేషన్లకు న్యాయవాది. మతిమరుపు నాయనమ్మ పుట్టినరోజు కానుకను ఏడాదికి నాలుగుసార్లయినా పంపుతుంది. చాలదేమోనని హోల్డెన్ టైపురైటరును కూడా అమ్ముతాడు. హోటలు గది, టాక్సీ, నాటకం టికెట్లు, వీటన్నిటి మధ్య అతని దుఃఖం సంచరిస్తుంది. చరిత్ర పాఠం చెప్పిన వృద్ధుడైన స్పెన్సర్ మాస్టారికి ఇచ్చిన జవాబుపత్రం అడుగున, తనను తప్పించినా ఫరవాలేదని హోల్డెన్ స్వయంగా రాస్తాడు. ఈ చిన్న సన్నివేశాన్ని సాధారణంగా అతని నిర్లక్ష్యానికి నిదర్శనంగా చదువుతారు. గురువుకు ఇబ్బంది కలగకూడదన్న మర్యాదగా కూడా చదవవచ్చు. నా దృష్టిలో అంతకన్న ముఖ్యమైనది, ఆ వాక్యం రాయగల స్తోమత. ఓటమిని ముందుగా అంగీకరించి, పరీక్షకుడిని ఓదార్చగలిగిన విద్యార్థి అతడు. ఈ బడి పోతే మరో బడి ఉంది. నవల చివర వైద్యుడు అడిగే ప్రశ్న కూడా వచ్చే సెప్టెంబరులో బడికి వెళ్లాక శ్రద్ధగా చదువుతావా అన్నదే. అంటే గడువు పొడిగింపబడింది.

అలాగని హోల్డెన్ వేదన సంపన్నుని విలాసం కాదు. తమ్ముడు ఆల్లీ పదకొండేళ్ల వయస్సులో లుకేమియాతో చనిపోయాడు. ఆ రాత్రి పదమూడేళ్ల హోల్డెన్ గరాజు కిటికీ అద్దాలన్నిటినీ పిడికిలితో పగలగొట్టాడు. ఇప్పటికీ ఆ చేయి సరిగా ముడుచుకోదు. ఆల్లీ తన బేస్‌బాల్ తొడుగుమీద ఆకుపచ్చ సిరాతో పద్యాలు రాసుకునేవాడు. సహవిద్యార్థి కోసం రాసిపెట్టిన వ్యాసంలో హోల్డెన్ ఆ తొడుగునే వర్ణిస్తాడు. గదినో ఇంటినో వర్ణించమంటే ఇదేమిటని ఆ మిత్రుడు విసుక్కుంటే చింపివేస్తాడు. చెప్పుకోదలచిన ఒకే ఒక దుఃఖానికి శ్రోత దొరకలేదు. ఫిఫ్త్ అవెన్యూలో రోడ్డు దాటే ప్రతిసారీ మాయమైపోతానేమోనన్న భయంతో చనిపోయిన తమ్ముణ్ణే రక్షించమని వేడుకుంటాడు. తండ్రి నవలలో ఎక్కడా ఎదురుపడడు. తల్లి మాటలు వినిపించేది హోల్డెన్ ఫీబీ పడుకున్న గదిలోని బీరువాలో దాక్కున్నప్పుడు. తల్లి గొంతు వినబడుతున్నా తల్లికి కనబడని ఆ స్థితి అతని జీవితం మొత్తానికి చిత్రంగా నిలుస్తుంది.

హోల్డెన్ లోకాన్ని నిందించే మాటకు తెలుగులో ‘బూటకం’, ‘నటన’ అనే సమానార్థకాలు ఇవ్వవచ్చు. జీవద్భాషలో దగ్గరగా వచ్చేది ‘వేషాలు’. కాని ‘వేషాలు వేయకు’ అన్న మందలింపు మన ఇళ్లలో పెద్దలనుండి పిల్లల వైపు సాగుతుంది. పిల్లలనుండి పెద్దల వైపు సాగదు. హోల్డెన్ ఆయుధం తెలుగులోకి రాగానే ఎదుటివారి చేతికి వెళ్లిపోతుంది. పెద్దల కపటాన్ని నిలదీసే అధికారం గడువుతో పాటే వస్తుందనడానికి ఇది భాష ఇచ్చే సాక్ష్యం.

మంచం కింది పెట్టె

సాలింజర్ నవలలో అంతగా చర్చకు రాని ఒక ఘట్టం మన తులనకు కీలకమైనది. ఎల్క్‌టన్ హిల్స్ బడిలో హోల్డెన్ గదిలో డిక్ స్లాగిల్ అనే విద్యార్థి ఉండేవాడు. అతని పెట్టెలు చవకవి. హోల్డెన్ పెట్టెలు మేలురకం అసలు తోలువి. రెండు రకాలూ పక్కపక్కన కనబడకుండా స్లాగిల్ తన పెట్టెలను మంచం కిందికి తోసేవాడు. అతని అవస్థ చూడలేక హోల్డెన్ కూడా తన పెట్టెలను మంచం కింద పెట్టాడు. మరునాడు స్లాగిల్ హోల్డెన్ పెట్టెలను పైకి తీసి అరమీద పెట్టాడు. చూసినవారు అవి తనవనుకోవాలని అతని కోరిక అని హోల్డెన్‌కు ఆలస్యంగా అర్థమైంది. హోల్డెన్ వస్తువులను ‘బూర్జువా’ అని వెక్కిరించేవాడూ ఆ స్లాగిలే. కొంతకాలానికి ఇద్దరూ వేరువేరు గదులకు మారారు.

ఈ ఘట్టాన్ని హోల్డెన్ నిజాయతీతో, జాలితో చెబుతాడు. కాని చెబుతున్నది తోలుపెట్టెల యజమాని. మంచం కిందికి పెట్టెను తోసిన చేతులు ఏమి అనుభవించాయో నవల చెప్పదు. చెప్పలేదు కూడా, ఎందుకంటే ఆ గొంతు దానిది కాదు. స్లాగిల్ కథ చెప్పుకుంటే ఆ నవల ఎలా ఉండేది? సిగ్గు, అసూయ, తనకు లేనివాటిపై ఆశ, వాటినే నిందించే సిద్ధాంతం, ఈ నాలుగూ ఒకే మనస్సులో ఏకకాలంలో మెదిలేవి. ‘అంపశయ్య’ పాఠకుడికి ఈ మనస్సు పరిచితం. రవి అంతరంగంలోని వైరుధ్యాలను వ్యక్తిత్వ లోపాలుగా చూసినవారు, అవి పెట్టెను దాచవలసివచ్చిన మనిషి మనోధర్మాలని గుర్తించవలసి ఉంది.

అంపశయ్య: గడువే గాయమైన చోటు

‘అంపశయ్య’ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్న రవి జీవితంలోని ఒక్క రోజు. పల్లెనుండి, పేద కుటుంబంనుండి వచ్చిన ఆ విద్యార్థి నిద్ర లేచినప్పటినుండి రాత్రి వరకు అతని చైతన్యం వెంట నవల సాగుతుంది. డబ్బు కటకట, చదువు, భవిష్యత్తు, స్త్రీ సాన్నిహిత్యం కోసం తపన, దానిపై అపరాధభావం, మిత్రుల మధ్య చిన్నతనం, ఇవన్నీ ఒకదానినుండి మరొకదానికి జారిపోతూ ఉంటాయి. హోల్డెన్‌కు రెండు రాత్రుల వ్యవధి దొరికితే, రవికి దొరికింది ఒక్క పగలు, దాని రాత్రి. చైతన్యస్రవంతిని కేవలం పాశ్చాత్యశిల్పానుసరణగా చూస్తే ఈ కాలపు ఇరుకు కనబడదు. ఆగి ఆలోచించే తీరిక లేని మనస్సు ఏ ఆలోచననూ పూర్తి చేయలేదు. ఆ అసంపూర్ణతకు తగిన వాక్యం అదే.

రవి వయస్సు గురించి ఇక్కడ ఆక్షేపణ రావచ్చు. హోల్డెన్‌కు పదహారేళ్లు. రవి స్నాతకోత్తర విద్యార్థి. ఇద్దరినీ కౌమారమనే ఒక చట్రంలో చూడటం సమంజసమా? వయస్సును ఏళ్లతోనే లెక్కిస్తే కాదు. కాని కౌమార సంక్షోభం సాహిత్యంలో వ్యక్తం కావడానికి భౌతికంగా ఒక గది కావాలి. ఇంటికి దూరంగా, తనతో తాను ఉండగల గది. సంపన్నుల పిల్లవాడైన హోల్డెన్‌కు బడి వసతిగృహంలో అది పదహారేళ్లకు ముందే దొరికింది. 1960ల తెలంగాణ పల్లె యువకుడికి అది విశ్వవిద్యాలయ వసతిగృహం చేరాక గాని దొరకలేదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తెలంగాణ పల్లెలనుండి వచ్చిన తొలితరం విద్యావంతులకు చదువుతో పాటు ఇచ్చిన మరొక వస్తువు ఈ గది. రవిలో మనం చూసేది వాయిదాపడిన కౌమారం. అది వచ్చేసరికి ప్రయోజకుడు కావలసిన వయస్సూ వచ్చేసింది. రెండూ ఒకే రోజు తలుపు తట్టాయి.

పేరులోని పురాణస్మృతిని ఈ వెలుగులో మళ్లీ చూడాలి. అంపశయ్య అంటే బాధ అని మాత్రమే చెప్పుకుంటే చాలదు. భీష్ముడు తండ్రి శంతనుని కోరిక తీర్చడానికి తన యౌవనాన్ని, రాజ్యాన్ని, సంతానాన్ని విడిచిపెట్టినవాడు. అందుకు ప్రతిఫలంగా తండ్రినుండి స్వచ్ఛందమరణమనే వరం పొందినవాడు. ఆ వరమే అతణ్ణి ఉత్తరాయణం వరకు బాణాల మీద నిలిపింది. అతనికి లభించినది కూడా గడువే. కాని ఆ గడువు విశ్రాంతి కాదు, పొడిగింపబడిన నొప్పి. తండ్రి కోసం యౌవనాన్ని వదులుకున్న వృద్ధుని పడకను, యౌవనం ఇంకా అనుభవించని విద్యార్థికి వేయడంలో నవీన్ ఎన్నిక ఎంతో అర్థవంతమైనది. ఎరిక్సన్ ఊహించిన వెసులుబాటు ఇక్కడ ములుకులుగా మారింది. చదువుకునే సంవత్సరాలే గడువు. ఆ సంవత్సరాలలో ప్రతిరోజూ ఎవరి శ్రమో ఖర్చవుతోందన్న ఎరుకే బాణం.

ఈ ఎరుకకు తెలుగు నవలలో పూర్వరంగం ఉంది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావును వెంటాడేది వంశప్రతిష్ఠను నిలబెట్టమన్న తండ్రి మాట. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిని వెంటాడేది తల్లిపై లోకం వేసిన అపవాదు. అతడు కోమలి, అమృతం, సుశీల, ఇందిరల మధ్య ఎవరినీ పూర్తిగా ప్రేమించలేకపోవడానికి ఆ నీడ ఒక కారణం. సీతారామారావుకు తండ్రి పరువు వారసత్వంగా వచ్చింది. దయానిధికి తల్లి అపకీర్తి వచ్చింది. రవికి కుటుంబం లేమి వచ్చింది. మొదటి ఇద్దరూ ఆస్తీ అంతస్తూ తెలిసిన కుటుంబాలవారు. వారి రుణం నైతికమైనది. రవి దగ్గరకు వచ్చేసరికి ఆ రుణం కూడు, గుడ్డ, ఫీజు రూపంలో లెక్కకు దిగింది. తెలుగు మనోవైజ్ఞానిక నవలా చరిత్రలో ‘అంపశయ్య’ తెచ్చిన మార్పు శిల్పంలో ఎంత ఉందో, ఈ దిగుబడిలోనూ అంత ఉంది. తరువాత ‘ముళ్లపొదలు’, ‘అంతస్స్రవంతి’ నవలలలో రవి జీవితాన్ని రచయిత కొనసాగించడం కూడా, ఒక్క రోజులో తీరే లెక్క ఇది కాదని తెలియజేస్తుంది.

రెండు ఆక్షేపణలు

ఈ పఠనం మనోవేదనను ఆర్థికాంశానికి కుదించడం కాదా అన్నది మొదటి ఆక్షేపణ. దీనికి సాలింజర్ నవలలోనే సమాధానం ఉంది. నవల అంతటా డబ్బును నీళ్లలా ఖర్చు చేసిన హోల్డెన్, చెల్లెలు ఫీబీ క్రిస్మస్ కోసం దాచుకున్న కాసిని డాలర్లు చేతిలో పెట్టినప్పుడు ఆపుకోలేక ఏడుస్తాడు. ఎవరి త్యాగమూ లేని డబ్బు అతణ్ణి కదిలించలేదు. ఒక పసిపిల్ల తన సంతోషాన్ని తగ్గించుకుని ఇచ్చిన డబ్బు కదిలించింది. అంటే ప్రేమ రుణంగా చేతికి వచ్చిన క్షణంలో హోల్డెన్ కూడా రవి ఉన్న చోటికి చేరుకున్నాడు. హోల్డెన్ ఒక్క రాత్రి ఎరిగిన ఆ భారం రవికి నిత్యానుభవం. కనుక ఇక్కడ డబ్బు మనోవేదనకు ప్రత్యామ్నాయం కాదు. ప్రేమను కొలవక తప్పని దుఃస్థితికి అది పేరు.

రెండవ ఆక్షేపణ ఇంకా బలమైనది. ఈ చర్చలో ఆడపిల్ల ఎక్కడ? ‘చేతికి అందివచ్చిన కూతురు’ అన్న మాట మన వాడుకలో వినబడదు. కూతురు విషయంలో గడువు ప్రశ్న పెళ్లిగా మారిపోతుంది. పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’లో ఇందిర, బాధ్యత ఎరుగని తండ్రి ఆనందరావును తన సంపాదనతో పోషిస్తుంది. వైద్యవిద్యార్థి ప్రకాశం తన నిర్ణయాలను వాయిదా వేసుకుంటూ గడపగలడు. ఇందిర అలా గడపలేదు. రుణం ఆమె దగ్గర తలకిందులైంది. తండ్రి చేసిన ఖర్చును కూతురు తీరుస్తోంది. ఆమె దురుసుతనాన్నీ, లౌక్యాన్నీ స్వభావంగా చదివే విమర్శ, ఆమె కౌమారం ఏమైందని అడగలేదు. ఇందిరకు సంక్షోభపడే తీరిక కూడా దొరకలేదు. రవికి లేదన్న గడువు ఆమెకు ఇంకా లేదు.

మూసాపేటలో రవి వారసులు

ఈ చర్చ 1969 దగ్గర ఆగితే సాహిత్యచరిత్ర అవుతుంది గాని, మన తరగతి గదులకు చేరదు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైన తరువాత నగరం పడమటికి జరిగింది. మెట్రో రైలు 2017 నవంబరులో మియాపూర్‌నుండి మూసాపేట మీదుగా నడవడం మొదలైంది. కూకట్‌పల్లికీ భరత్‌నగర్‌కూ మధ్య ఉన్న మూసాపేట, హైటెక్ సిటీ అద్దాల భవనాలకు పనిమనుషులను, డ్రైవర్లను, కొత్తగా చేరిన ఇంజనీర్లను ఏకకాలంలో పంపే నివాసప్రాంతం. ఈ పరిసరాలలో ఇంటర్మీడియట్ చదివే పిల్లలు, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారు, ఉద్యోగం వెతుక్కునేవారు అద్దె హాస్టళ్లలో కలిసి ఉంటారు. రవికి ఇరవై దాటాక దొరికిన గది ఇక్కడ పదహారేళ్లకే దొరుకుతోంది. అయితే ఆ గదిలో నలుగురు. గది దొరికింది, ఏకాంతం దొరకలేదు.

ఈ రెండు నవలలను ఎం.ఏ. విద్యార్థులతో కలిసి చదివినప్పుడు, ఇంటర్ రోజులు మూసాపేట హాస్టలులో గడిపిన ఒక విద్యార్థి స్లాగిల్ ఘట్టం దగ్గర ఆగిపోయాడు. తన రేకు పెట్టె కూడా మంచం కిందనే ఉండేదనీ, అయితే పెట్టెను దాచింది మిత్రుల కోసం కాదనీ, చూడవచ్చే నాన్నకు అది చవకదని గుర్తుకురాకూడదనీ అన్నాడు. నేను అంతవరకు ఆ ఘట్టాన్ని వర్గభేదానికి ఉదాహరణగా బోధించాను. ఆ మాట విన్న తరువాత ఈ వ్యాసంలోని ఆలోచన మొదలైంది. తండ్రి సిగ్గుపడకుండా కాపాడటం కొడుకు పనిగా మారిన చోట, కొడుకు తన బాధను తండ్రికి చెప్పుకోలేడు. హోల్డెన్‌కు శ్రోతలు లేకపోవడానికి పెద్దల ఉదాసీనత కారణం. ఈ పిల్లలకు శ్రోతలు లేకపోవడానికి పెద్దలపై వారి ప్రేమ కారణం.

దీని ఫలితం మనకు తెలియనిది కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నట్లు పత్రికలు రాశాయి. ఆ ఫలితాల ప్రక్రియలో తప్పులు దొర్లాయని ప్రభుత్వం నియమించిన త్రిసభ్య సంఘం తేల్చింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్యకు పాల్పడిన విద్యార్థులు 13,044 మంది. ఇటువంటి మరణాలకు ఏ ఒక్క కారణమో చెప్పడం సాహిత్య విమర్శ పని కాదు. అయితే ఫెయిలు కావడం ఒక సంఘటన మాత్రమే అని నమ్మగల స్థితి హోల్డెన్‌ది. అదే ముగింపు అని నమ్మించే స్థితి వీరిది. ఈ తేడాను స్పష్టంగా చూపగలిగేది నవలే.

ఉపసంహారం

‘అంపశయ్య’ను వయస్సు తెచ్చిన అలజడిగా, అస్తిత్వవేదనగా, పేదరిక చిత్రణగా విడివిడిగా చదవడం కన్న, గడువు దొరకని కౌమార నవలగా చదివితే ఈ మూడూ ఒకే నిర్మాణంలో భాగాలని తెలుస్తుంది. చైతన్యస్రవంతి శిల్పం, ఒక్క రోజు కథాకాలం, భీష్మస్మృతిగల పేరు ఆ నిర్మాణాన్నే బలపరుస్తున్నాయి. సాలింజర్ నవలతో పోలిక వల్ల, కౌమార తిరుగుబాటు సార్వత్రికం కాదనీ, ఓడిపోయే వెసులుబాటు ఉన్నచోటనే అది తిరుగుబాటు రూపం దాలుస్తుందనీ స్పష్టమైంది. ఆ వెసులుబాటు లేనిచోట అది సిగ్గుగా, అపరాధభావంగా, మౌనంగా లోపలికి తిరుగుతుంది.

సాలింజర్ నవలలో తోటివారి వేధింపుతో కిటికీనుండి దూకి మరణించిన జేమ్స్ క్యాజిల్ అనే పిల్లవాణ్ణి అందరూ చూస్తూ నిలబడ్డారు. దగ్గరకు వెళ్లి తన కోటు కప్పి ఎత్తుకున్నది ఆంటొలీని అనే ఉపాధ్యాయుడు ఒక్కడే. అప్పటికి ఆలస్యమైపోయింది. రవి తరువాతి తరాల పదహారేళ్ల గొంతును ‘అంపశయ్య’ స్థాయిలో వినిపించే నవల తెలుగులో రావలసి ఉంది. అది వచ్చేవరకు, తరగతి గదిలో స్లాగిల్ పెట్టె దగ్గర ఆగిపోయే విద్యార్థి చెప్పేది పూర్తిగా వినడం మనం చేయగల పని.